చెప్తే ఆగే కారు

మా పిచ్చుక డ్రైవింగ్ టెస్టు తప్పింది.

తప్పితే తప్పింది, అందులో వింతేముంది అంటారేమో. పిచ్చుక నా సొంత మేనకోడలు. నేను సొంతంగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నదాన్ని. నా చేతికింద నేర్చుకున్నవాళ్ళెవరూ ఇంతవరకూ టెస్టు తప్పలేదని కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకు తిరిగినదాన్ని. ఇక వింత ఎవరికో మీరే చూసుకోండి.

స్టీరింగు తిప్పడం, గేరు మార్చడం ఎవరైనా నేర్పుతారు. పద్దెనిమిదేళ్ళు నిండగానే తాళాల కోసం చెయ్యి చాచే పిల్లలకి నేను నేర్పేది కాచుకుని నడపడం. అంటే, రోడ్డు మీద తక్కినవాళ్ళందరికీ ఇవాళే పిచ్చెక్కిందనుకుని, వాళ్ళు చేయబోయే తప్పుకి మనం ముందే చోటు వదిలి నడపడం. దానికి నాకో పద్ధతుంది. నడుపుతున్నంతసేపూ కంటికి కనిపించినదల్లా పైకి చెప్పాలి. "ఎడమవైపు సైకిలు. ఎదురుగా బస్సు. ఆ సందులోంచి ఎవరో రావచ్చు." నోరు చెప్పాలంటే కన్ను చూడక తప్పదు కదా. నేను పక్క సీట్లో కూర్చుని వింటాను. నేర్పే బండ్లన్నిటికీ ఉన్నట్టే నా కాలికింద కూడా ఒక బ్రేకు ఉంటుంది.

నా స్కూలు మైదానానికి ఎదురుగా టీకొట్టుంది. టెస్టయిన సాయంత్రం నేను అక్కడికి వెళ్ళేసరికే కబురు నాకంటే ముందు వచ్చి కూర్చుంది. టీకొట్టు బాబాయ్ నన్ను చూసి, అడక్కుండానే చక్కెర ఎక్కువేసి టీ పెట్టాడు. పక్కన టైర్ల షాపాయన కాలు మీద కాలేసుకుని, గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నాడు. నేను ఏం చెప్పినా గాలి సరిగ్గా ఉందో లేదో చూడటం ఆయనకి సరదా. ఇంకో బల్ల మీద పళ్ళ డాక్టరు. తన కొడుకుని నా స్కూల్లో చేర్చాలా వద్దా అని వారం నుంచి ఊగిసలాడుతున్నాడు. చివర్న మా అన్నయ్య, అన్నయ్య పక్కన ఒళ్ళో బన్ను పెట్టుకుని పిచ్చుక.

పిచ్చుకని పిచ్చుక అనడానికి కారణం దాని నోరు. ఆ రోజు మాత్రం కిమ్మనకుండా కూర్చుంది.

"చెల్లీ, నాకు ఒక్క మాట చెప్పు," అన్నాడు అన్నయ్య. జేబులో కొత్త కారు తాళం గలగలలాడుతోంది. "నువ్వు దీనికి నడపడం వచ్చంటే వచ్చేవారమే మళ్ళీ టెస్టుకి పంపిస్తాను. పాసైన రోజే తాళం చేతికిస్తాను. కాలేజీకి హైవే మీదే పోవాలి, నాకు చచ్చేంత భయం. నీకేమాత్రం అనుమానమున్నా ఈ ఏడాదికి బస్సే. నీ మాటే నా మాట."

పిచ్చుక తలెత్తి తాళమున్న జేబుకేసి చూసింది. రెండు బస్సులు మారి, మధ్యలో ఒకదాంట్లో నిలబడి వెళ్తుందది.

అవుననో కాదనో చెప్పి టీ తాగితే సరిపోయేది. కానీ పళ్ళ డాక్టరు వింటున్నాడు. టైర్లాయన నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"అసలెందుకు తప్పిందో తెలుసా మీకు?" అన్నాను బల్ల లాక్కుని కూర్చుంటూ. "మరీ బాగా నడిపినందుకు తప్పింది."

"అది ఎలాగో చెప్పండి మేడం, వింటాం," అన్నాడు టైర్లాయన. "షాపులో బేరాలు కూడా లేవు."

చెప్పాను.

"మొదటి వారం మాట. ఈ మైదానం వెనక వీధే. రెండువైపులా ఇళ్ళు, ఇళ్ళ ముందు ఆపిన కార్లు, మా బండి వేగమంటారా, మనిషి పరుగు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఉన్నట్టుండి ఒక గేటు కిందనుంచి బంతి దొర్లుకుంటూ వచ్చింది. పిచ్చుక 'బంతి' అంది. అందో లేదో బండి ఆగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బంతి వెనకాలే బుడ్డోడు! రోడ్డు మధ్యకొచ్చి, బంతి తీసి చంకలో పెట్టుకుని, మా బంపరుని ఎగాదిగా చూసి, ఇంట్లోకి పోయాడు."

"ఇదైతే నిజమే అయ్యుండొచ్చు," అన్నాడు టైర్లాయన.

"నిజం కానిది నేనెప్పుడు చెప్పాను?"

"చెప్పడం మొదలుపెట్టి ఇంకా ఎంతో సేపు కాలేదు కదా మేడం."

పళ్ళ డాక్టరు ముందుకి వంగాడు. "బాగా నేర్పారండీ. మా వాడికి ఎదురుగా గోడున్నా కనిపించదు. ఒక చేతిలో ఫోను ఎప్పుడూ ఉండాల్సిందే."

"ఫోనా?" అన్నాను. "డాక్టరుగారూ, పిచ్చుక నా బండెక్కితే దాని ఫోను భయపడి మూగబోయేది. రెండో వారానికి బండి తలుపు తీసిన చప్పుడు వింటేనే దాంట్లో చార్జింగు అయిపోయేది. అది వదిలేయండి, చిన్న సంగతి. బంతిని చూసి ఆగడం కూడా గొప్పేం కాదు. మర్నాటినుంచి పిచ్చుక బంతి రాకముందే ఆగడం మొదలుపెట్టింది. గేటు లోపల బుడ్డోడు తన్నడానికి కాలు వెనక్కి తీసిన చప్పుడు దానికి వినపడేది."

"అద్దాలు మూసుకునుంటే?" బాబాయ్ అడిగాడు.

"మూసుకునే ఉన్నాయి బాబాయ్, వాన పడుతోంది కూడా."

"అత్తా..." అంది పిచ్చుక.

"నువ్వు బన్ను తిను. ఒకసారి బజారు వీధిలో వెళ్తున్నాం. పక్కన ఆపిన కారుంది, అందులో ఒకాయన తల కనబడుతోంది. 'తలుపు తెరుస్తాడు' అంది పిచ్చుక. బండి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఇది నేర్పినదే, అద్దంలో తల కదిలితే తలుపు తెరుచుకుంటుందనుకోవాలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? 'ఆగు అత్తా, కళ్ళజోడు మర్చిపోయాడు, మళ్ళీ వస్తాడు' అంది. మళ్ళీ వచ్చాడు. 'ఇంకా ఆగు, తాళం లోపలే వదిలేశాడు' అంది. మూడోసారి వచ్చి ఆయన మా అద్దం దగ్గర వంగి, 'అమ్మాయ్, పొయ్యి ఆర్పానో లేదో కూడా చెప్పి పుణ్యం కట్టుకో' అన్నాడు."

"ఆర్పాడా?" అన్నాడు అన్నయ్య. అన్నయ్యది అమాయకపు ప్రాణం.

"ఆర్పలేదు. ఫైరింజను వాళ్ళకి మేమే దారి ఇచ్చాం."

టైర్లాయన గ్లాసు కింద పెట్టేశాడు. అంటే ఆయన శ్రద్ధగా వింటున్నాడన్నమాట. నాకింకా ఊపొచ్చింది.

"మనుషుల సంగతి సరే, పిల్లి సంగతి చూడండి. గోడ మీద పిల్లి కూర్చుంది. తోక మాత్రం ఇటూ అటూ ఊపుతోంది. పిచ్చుక 'పిల్లి' అంది, బండి ఆగింది. 'దూకుతుందా?' అన్నాను. 'ఇంకా తేల్చుకోలేదు అత్తా' అంది. మా వెనక బండ్లు, వాటి వెనక బండ్లు. ఒక్కడు హారన్ కొట్టలేదు! మా బండి ఆగిన తీరులోనే ఒక మర్యాద ఉంటుంది లెండి. పిల్లి ముందుకాలు ఎత్తింది. దించింది. ఒళ్ళు నాక్కుంది. చీకటి పడబోయే వేళకి పిల్లి మా పిచ్చుకకేసి చూసి, తల అడ్డంగా ఊపింది. అప్పుడు కదిలాం."

"పిల్లి తల ఊపిందా?"

"దూకను, మీరు వెళ్ళొచ్చని ఇంకెలా చెప్తుంది? దానికి మాటలు రావు కదా!"

పళ్ళ డాక్టరుకి టీ పొలమారింది. బాబాయ్ ఆయన వీపు తట్టాడు.

"మేడం," అన్నాడు డాక్టరు తేరుకుని, "బండ్ల మధ్య దూరం ఉంచమంటారు కదా, మా వాడు ముందు బండిని మూతితో నెడుతున్నట్టు నడుపుతాడు. దానికేం చేస్తారు?"

"మంచి మాట అడిగారు. ముందు బండి ఏ స్తంభాన్నో దాటాక, మనం ఆ స్తంభం చేరేలోపు ఒకటి, రెండు, మూడు అని తాపీగా లెక్కపెట్టగలగాలి. అంత ఖాళీ ఉండాలి. పిచ్చుక ఉంచిన ఖాళీ ఎలాంటిదనుకున్నారు? కొలిచి కోసినట్టుండేది. మన జనం పెద్ద రోడ్డు మీద అంత శుభ్రమైన ఖాళీని ఎప్పుడు చూశారు గనక? ముందు ఒక స్కూటరు దూరింది. పిచ్చుక ఏమీ అనలేదు, వేగం తగ్గించి మళ్ళీ మూడు లెక్కపెట్టింది. ఆ ఖాళీలోకి బస్సు దూరింది. తగ్గింది. బస్సు వెనక ఇంటి సామాన్ల లారీ. తగ్గింది. తగ్గి తగ్గి, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంటికి బయల్దేరిన వాళ్ళం, సాయంత్రానికి వెనకున్న ఊళ్ళో తేలాం."

"ముందుకు నడుపుతూ వెనక్కి వెళ్ళారా!"

"రివర్సు గేరు ముట్టుకుంటే ఒట్టు. మర్నాటినుంచి మా ఖాళీ కోసం జనం రోడ్డు పక్కన కాచుకునేవాళ్ళు. రోడ్డు దాటలేని ముసలివాళ్ళు మా కారు రంగు చూసి లేచి నిలబడేవాళ్ళు. ఒకాయన ఏకంగా కూరగాయల బండి పెట్టేశాడు."

"కదిలే ఖాళీలో కొట్టా మేడం?"

"అందుకే కదా, తోపుడుబండి పెట్టాడు. బేరం కుదిరేలోపు జనం కూడా ఆయనతోపాటే నడిచేవాళ్ళు. ఆరోగ్యానికి కూడా మంచిది."

"అత్తా, ఒక్క మాట," అంది పిచ్చుక మళ్ళీ.

"ఆగవే, అసలు సంగతికి వస్తున్నాను," అన్నాను.

అన్నయ్య కళ్ళు నావైపే ఉన్నాయి. ఇలాంటివి చిన్నప్పటినుంచీ నా నోట వింటూనే ఉన్నాడు. నవ్వు నవ్వే, నమ్మకం నమ్మకమే ఆయనకి. పిల్లిని నమ్మడు, తోపుడుబండిని నమ్మడు, కానీ ఇన్ని కోతలు కోస్తోందంటే పిల్ల బాగానే నడుపుతూ ఉండాలి అన్న నిర్ణయానికి వచ్చేస్తాడు. ఆయన చెయ్యి జేబు మీదకి పోయింది. అది నేను చూశాను. చూసీ ఆగలేదు.

"నాలుగు రోడ్ల కూడలి. మాకు పచ్చదీపం పడింది. ఎటు చూసినా ఈగ కూడా లేదు. పిచ్చుక కదలదు. 'ఏమ్మా, ఏం చూశావు?' అన్నాను. 'లారీ అత్తా. ఎర్రదీపం పడినా ఆగకుండా వస్తాడు' అంది. నేను తల బయటపెట్టి చూశాను. లారీ లేదు, దుమ్మన్నా లేదు. 'ఎక్కడే?' అంటే, 'ఇంకా బయల్దేరలేదు, డ్రైవరు ఇంట్లో గడ్డం గీసుకుంటున్నాడు' అంది."

"అమ్మ బాబోయ్," అన్నాడు బాబాయ్.

"నాకూ అనుమానమే వచ్చింది, దాచడమెందుకు. కానీ కాచుకుని నడపడమంటే అనుమానం కూడా పక్కకి పెట్టి ఆగడమే. అన్నం డబ్బాలు విప్పుకుని అక్కడే తిన్నాం. కాస్త కునుకు తీశాం. ట్రాఫిక్ కానిస్టేబులు డ్యూటీ దిగిపోయాడు, ఇంకొకాయన ఎక్కాడు. దీపం పచ్చ, ఎరుపు, పచ్చ, ఎరుపు. అప్పుడొచ్చిందండీ లారీ! ఎర్రదీపాన్ని పూచికపుల్లలా తీసిపారేసి, రయ్యిమని మా ముక్కు ముందునుంచి పోయింది. డ్రైవర్ని చూశాను. గడ్డం నున్నగా ఉంది."

బల్లలు కదిలేలా నవ్వారు. రోడ్డు మీద పోయే ఇద్దరు ఆగి చూశారు. ఇంత జనం చేరాక కిందికి దిగడం నా వల్ల కాదు.

"ఇక టెస్టు. ఇన్‌స్పెక్టరు వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. పిచ్చుక బండి కదపకముందే ఆయన మొహం చూసింది. 'సార్, మీరు మూడో మలుపులో తుమ్ముతారు. తుమ్మితే పెన్ను జారుతుంది, పెన్ను కోసం వంగితే నుదురు కొట్టుకుంటుంది. బెల్టు ఇంకాస్త బిగించుకోండి' అంది. ఆయన గుర్రుగా చూశాడు. మూడో మలుపులో తుమ్మాడు. పెన్ను జారింది. వంగబోయాడు, బెల్టు పట్టి ఆపింది. అప్పుడు ఏం చేశాడో తెలుసా? బండి పక్కకి పెట్టించాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పర్సు తీశాడు. తన సొంత లైసెన్సు తీసి పిచ్చుక చేతిలో పెట్టి, 'తల్లీ, నిన్ను చూశాక ఇది నా దగ్గర ఉంచుకోవడం సిగ్గుచేటు' అన్నాడు. మరి లైసెన్సు లేని మనిషి ఇంకొకళ్ళకి లైసెన్సు మీద సంతకం పెట్టొచ్చా? పెట్టకూడదు. అందుకే పాసని రాయలేకపోయాడు. తప్పడమంటే ఇదీ!"

టైర్లాయన చప్పట్లు కొట్టాడు. పళ్ళ డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ, "వచ్చేవారం మా వాణ్ణి పంపిస్తా," అన్నాడు. అన్నయ్య తాళం బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. కొత్త తాళం, ఇంకా ప్లాస్టిక్ తొడుగు కూడా తీయలేదు.

"అయితే వచ్చేవారం టెస్టుకి పంపించొచ్చన్నమాట."

"నిక్షేపంగా," అన్నాను.

"పిచ్చుకమ్మా," అన్నాడు టైర్లాయన, "కారులో ఉన్నది నువ్వు కదా. నిజంగా తుమ్మాడా ఆయన?"

"తుమ్మలేదు అంకుల్. దగ్గాడు." పిచ్చుక బన్ను పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. "ఎడమ సందులోంచి స్కూటరు వచ్చింది. నేను చూశాను, ఆయనకంటే ముందే చూశాను. 'స్కూటరు' అన్నాను. ఆయన 'అవునమ్మా, స్కూటరే' అన్నాడు. కారు ఆగలేదు."

"ఆగకపోవడమేంటి? బ్రేకు వేయలేదా?"

"వేయాలని తట్టలేదు. అత్త కారులో చెప్తే ఆగుతుంది."

ఎవరూ నవ్వలేదు. పాలు పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమన్నాయి, బాబాయ్ అటు చూడలేదు.

"ఆఖరి నిమిషంలో ఇన్‌స్పెక్టరు తన వైపు బ్రేకు తొక్కాడు," అంది పిచ్చుక. ఏడుపేమీ లేదు, రోడ్డు మీద కనిపించింది చెప్పినట్టే చెబుతోంది. "స్కూటరు మీద ఒకావిడ, వెనక ఆవిడ పాప. మమ్మల్ని తిట్టి వెళ్ళిపోయారు. కానీ ఆయన తొక్కిన చప్పుడు విన్నానా, అది నాకు తెలిసిన చప్పుడే అత్తా. నీ పక్కన రోజూ విన్నదే. సిగ్నల్ దగ్గర నేనే ఆపుతాను, మలుపులో నేనే తగ్గిస్తాను. హఠాత్తుగా ఏదైనా వస్తేనే, నేను నోరు తెరిచేసరికి బండి ఆగిపోయి ఉండేది. నా కాలు వెళ్ళేటప్పటికి అక్కడ పనేమీ మిగిలేది కాదు. బంతి రోజు కూడా అంతే. ఆ బ్రేకు నువ్వే వేశావు."

వేశాను. బంతి అనగానే నా కాలు పోయింది. తలుపన్నా పోయింది, కుక్కన్నా పోయింది. కాలు పోతోందని నాకు తెలియను కూడా తెలియలేదు, అదీ దాంట్లో అసలు సంగతి. నేర్చుకునేవాళ్ళు చెప్పే మాట ఒకప్పుడు వాళ్ళ కళ్ళకి పరీక్షగా పెట్టుకున్నది. పోను పోను అది నా కాలికి ఆర్డరైపోయింది.

"చూశారా మరి, నా కాలు ఎంత చురుకైందో," అన్నాను. అలవాటు. బాబాయ్ ఒక్కడే మొహమాటానికి నవ్వాడు.

టైర్లాయన ఈసారి ఎకసెక్కం లేకుండా అడిగాడు. "మరి ఇన్నాళ్ళూ పాసైనవాళ్ళు?"

దానికి జవాబు నా దగ్గరుంది, అందరి ముందూ చెప్పడానికి ఇష్టం లేదంతే. టెస్టులో వాళ్ళకి స్కూటరు అడ్డం రాలేదు, పాసయ్యారు. పిచ్చుకకి రాకపోయి ఉంటే అదీ పాసయ్యేది. ఆ సాయంత్రమే తాళం తీసుకునేది. మర్నాడు పొద్దున హైవే మీద, పక్కన ఎవరూ లేని కారులో, "లారీ" అని చక్కగా, స్పష్టంగా, సమయానికి చెప్పి కూర్చునేది.

అన్నయ్య తాళం తీసి జేబులో వేసుకున్నాడు. కోపంగా కాదు. వేడి వస్తువుని పిల్లల దగ్గర్నుంచి తీసి పైన పెట్టినట్టు.

"నాన్నా," అంది పిచ్చుక. "నాకు చూడటం వచ్చు. అబద్ధం కాదు అది. రానిది కాలొక్కటే."

అన్నయ్య దానికేసి చూడలేదు, నావైపే చూశాడు. ఇందాకటి ప్రశ్నే మళ్ళీ అడుగుతున్నాడు, ఈసారి నోటితో కాకుండా.

"దీనికి ఇంకా రాదు అన్నయ్యా," అన్నాను. "వచ్చేవారం వద్దు. ఇందాక నేను చెప్పినదాంట్లో బంతి ఒక్కటే నిజం, అదీ సగమే. మిగతా సగం నేను నేర్పలేదు, నేర్పుతాను. వచ్చిన రోజు వచ్చిందని చెప్తాను. ఆ మాట మాత్రం ఒక్క ముక్కలో చెప్తాను."

"ఎన్నాళ్ళు?"

"తెలియదు. అప్పటిదాకా బస్సే."

పిచ్చుక తలూపింది. సగం తిన్న బన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

పళ్ళ డాక్టరు టీ ముగించి లేచాడు. పోతే పోయాడులే అనుకున్నాను. ఆయన చెప్పులేసుకుని నా దగ్గర ఆగాడు. "మావాణ్ణి పంపిస్తానండీ. పిల్లి దగ్గర నాకు కాస్త సందేహం వచ్చిన మాట నిజం. ఇప్పుడు లేదు."

మర్నాడు పొద్దున్నే టైర్ల షాపు పక్క ఎలక్ట్రీషియన్ దగ్గరికి బండి తోలుకెళ్ళాను. నా వైపు బ్రేకుకి ఒక బజరు పెట్టమన్నాను. నా కాలు ఆనితే చాలు మోగాలి.

"చిన్నదా మేడం? మీకు మాత్రం వినపడేలా?"

"ఉన్నవాటిలో పెద్దది. నా చెవులకి నా కాలు అలవాటైపోయింది."

పెట్టాడు. సంతలో పీపీలన్నీ ఒక్కసారి ఊదినట్టుండేది దాని మోత. మొదటి రోజు పిచ్చుకా నేనూ వెనక వీధిలోకి తిరిగామో లేదో, అది "కుక్క" అంది, నా కాలు పోయింది, బజరు మోగింది, కుక్క హడలిపోయి ఇంకో వీధికి పరిగెత్తింది. సందు చివరికి వెళ్ళేలోపు మళ్ళీ మోగింది. నేనెంత తరచుగా తొక్కుతున్నానో అప్పుడు తెలిసింది. కూరలమ్మి కనిపిస్తే తొక్కుతున్నాను. రోడ్డు పక్క ఆరేసిన దుప్పటి గాలికి లేస్తే తొక్కుతున్నాను.

"అత్తా, నాకు కాస్త మిగుల్చు," అనేది పిచ్చుక.

"నువ్వు ముందు తొక్కు, నేనెందుకు తొక్కుతాను?"

పోటీ పడ్డాం. నా కాలికీ దాని కాలికీ. రోజూ రోడ్డు మీదకి వెళ్ళేముందు ఖాళీ మైదానంలో టైర్లాయన చేత పాత టైర్లు అడ్డంగా దొర్లించాను. ఆయనకది మహా సంతోషం. మేము గుద్దిన ప్రతి టైరుకీ ఎగిరి గంతేసేవాడు. పిచ్చుక "టైరు" అనేది, అని, గుద్దేది. అని, గుద్దేది. తర్వాత అంటూ తొక్కేది. ఆ తర్వాత తొక్కి అనేది. నేను కోరుకున్నది అదే.

ఒక రోజు బజారు వీధిలో వెళ్తున్నాం. పక్కన ఆగిన కారులో తల కదిలింది. బండి ఆగింది. తలుపు తెరుచుకుంది, ఒకాయన దిగి, మమ్మల్ని గమనించనైనా గమనించకుండా వెళ్ళిపోయాడు. కళ్ళజోడు కోసం వెనక్కి రాలేదు, పొయ్యి సంగతి అడగలేదు. బజరు మోగలేదు. నా కాలు బ్రేకుకి బెత్తెడు పైన గాలిలో ఉంది.

"తలుపు," అంది పిచ్చుక, ఆలస్యంగా.

"చూశాను," అన్నాను. "పోనీ ముందుకి."

ఆ తర్వాత చాలా రోజులు చూశాను, ఒక్క రోజు చూసి నమ్మే రకం కాదు నేను. వానలో చూశాను, బడి వదిలే వేళ చూశాను, హైవే మీద చూశాను. అప్పుడు అన్నయ్యకి ఫోన్ చేసి, "వచ్చింది," అన్నాను. ఆయన ఇంకా ఏదో ఉంటుందని కాసేపు ఎదురు చూశాడు. నేనేమీ కలపలేదు. పిచ్చుక టెస్టు పాసైంది, తాళం ప్లాస్టిక్ తొడుగు తనే పళ్ళతో పీకేసింది, ఇప్పుడు రోజూ కాలేజీకి తన బండిలోనే పోయి వస్తోంది.

నేను కోతలు మానేశానా అని అడక్కండి. మానమని నన్నెవరూ అడగలేదు. ఆ టైర్ల కథ కూడా ఇప్పుడు టీకొట్టు దగ్గర చెప్తున్నాను. అందులో టైర్లు కొండ మీదనుంచి దొర్లుతాయి.

బజరు దగ్గర మాత్రం కోతల్లేవు. ఇప్పుడు పిచ్చుక సీట్లో పళ్ళ డాక్టరుగారబ్బాయి కూర్చుంటున్నాడు. వీధి మొదట్లో మోగితే టీకొట్టు దాకా వినిపిస్తుంది, టైర్లాయన షాపులోంచి బయటికొచ్చి, నేను మలుపు తిరిగేదాకా నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతాడు. ఎదురింటివాళ్ళు పసిపిల్ల నిద్ర లేస్తోందని ఒకసారి మర్యాదగా చెప్పారు; అద్దాలు పైకెత్తుకుని వెళ్తున్నాను. ఎలక్ట్రీషియన్ అయితే, "ఒక్క వైరు మేడం, చిటికెలో పీకేస్తా," అని కనబడ్డప్పుడల్లా అంటాడు.

పీకించలేదు.